భిన్నాభిప్రాయానికి సంఘంలో చోటెక్కడ? కాపరులకు, పెద్దలకు ఒక బహిరంగ లేఖ

ప్రభువునందు గౌరవనీయులైన సంఘ కాపరులకు, పెద్దలకు, పరిచారకులకు, స్త్రీల సమాజాలను, యౌవనుల కూటాలను నడిపిస్తున్న వారందరికీ మన రక్షకుడైన యేసుక్రీస్తు నామమున వందనములు.

విశ్వాసుల మధ్య అభిప్రాయభేదం తలెత్తినప్పుడు దాన్ని ఒక దారికి తెచ్చే బాధ్యత మీది గనుక ఈ లేఖ మీకు రాస్తున్నాను. ఏ ఒక్క సంఘాన్నీ, ఏ ఒక్క వ్యక్తినీ మనసులో పెట్టుకుని రాయడం లేదు. అలాంటి ఫిర్యాదే ఉంటే దాన్ని నలుగురిలో పెట్టకుండా నేరుగా వారి దగ్గరికే వెళ్లి చెప్పుకోవలసింది. నేను ప్రస్తావిస్తున్నది శాఖాభేదం లేకుండా చాలా సంఘాల్లో పాతుకుపోయిన ఒక అలవాటు. అలవాటు అందరిదీ గనుక మాట కూడా అందరి ముందే చెప్పడం సబబనిపించింది.

నా విన్నపం ఒక్కటే. ఒక విషయంలో ఇద్దరు విశ్వాసులకు పొత్తు కుదరనప్పుడు, ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మాట ఒకరు చివరిదాకా విని, జవాబు చెప్పుకోగలిగే ఒక చోటును, ఒక క్రమాన్ని మీ సంఘంలో ఏర్పాటు చేయండి. ఆ పనికి ప్రసంగ వేదికను గాని, ప్రార్థనను గాని, ప్రభువు బల్లను (రొట్టె, ద్రాక్షారసాల సహవాసాన్ని) గాని వాడనివ్వకండి.

ఐక్యత అంటే అందరూ ఒకేలా ఆలోచించడమన్న భావన మనలో బలంగా నాటుకుపోయింది. అందువల్ల ఎవరైనా వేరుగా ఆలోచిస్తున్నట్టు తెలియగానే మొదట కలిగేది కంగారు. శిశువులకు బాప్తిస్మం ఇవ్వవచ్చా, విశ్వసించి ఒప్పుకున్నవారికే ఇవ్వాలా. భాషల వరం నేటికీ ఉందా, అపొస్తలుల కాలంతో ఆగిపోయిందా. స్త్రీలు సంఘంలో బోధించవచ్చా. వెయ్యేండ్ల పరిపాలనను అక్షరార్థంగా తీసుకోవాలా. ఆరాధనలో వాయిద్యాలు ఉండవచ్చా. ప్రభువు దినం ఎలా ఆచరించాలి? వీటిలో ప్రతి ప్రశ్నకూ రెండు వైపులా వాక్యాన్ని ప్రేమించి, మోకరించి ప్రార్థించి, ఒక నిశ్చయానికి వచ్చినవారు ఉన్నారు. "ఇవన్నీ చిన్న విషయాలు, వదిలేయండి" అనడం పెద్దలకు తేలికే గాని, నమ్మినవాడికి అది చిన్నది కాదు. దేవుని ఎదుట తాను లెక్క అప్పగించవలసిన సంగతిని మరొకరు కొట్టిపారేస్తే అతని నోరు మూతపడుతుందేమో గాని మనసు సమాధానపడదు.

రోమా సంఘం సంగతి చూడండి. అక్కడ కొందరు కూరగాయలు మాత్రమే తినేవారు, కొందరు అన్నీ తినేవారు; కొందరు కొన్ని దినాలను ప్రత్యేకంగా ఎంచేవారు, కొందరికి అన్ని దినాలూ సమానమే. ఈ విషయంలో పౌలుకు సొంత అభిప్రాయం లేకపోలేదు. సహజంగా ఏదీ నిషిద్ధం కాదని ప్రభువైన యేసునందు తాను ఎరిగి నిశ్చయించుకున్నానని, రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయం 14వ వచనంలో దాపరికం లేకుండా చెప్పాడు. అపొస్తలుడిగా అధికారం చేతిలో ఉండి, తన పక్షమే సరైనదన్న నిశ్చయం ఉండి కూడా, కూరగాయలు తినేవారిని తన అభిప్రాయానికి తెచ్చుకోమని సంఘానికి ఆజ్ఞ ఇవ్వలేదు. అంతేకాదు, ఆ రెండు పక్షాలకూ అతడు ఒకే హెచ్చరిక చేయలేదు. తినేవాడికి చెప్పింది తృణీకరించవద్దని, తిననివాడికి చెప్పింది తీర్పు తీర్చవద్దని. స్వేచ్ఛ ఉన్నదనుకునేవాడికి ఎదుటివాడిని చూసి నవ్వాలనిపిస్తుంది; కట్టుబాటు ఉన్నవాడికి ఎదుటివాడి రక్షణనే శంకించాలనిపిస్తుంది. ఈ తేడా చూడకుండా "ఇద్దరూ సర్దుకుపోండి" అని ఒకే మాటతో ముగించే పెద్ద, ఎవరికి ఏ మందు కావాలో అడగకుండా అందరికీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుడి వంటివాడు.

ఇక మన మధ్య జరుగుతున్నది ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం.

ఆదివారం ప్రసంగంలో "ఈ రోజుల్లో కొందరు విశ్వాసులు..." అని కాపరి ఎత్తుకోగానే ఆ కొందరు ఎవరో సంఘమంతటికీ అర్థమవుతుంది. మూడో వరుసలో కూర్చున్న ఆ మనిషి తల దించుకుంటాడు. పక్కవాళ్లు చూసీ చూడనట్టు చూస్తారు. అతడి భార్య బైబిలు పేజీలు ఊరికే తిప్పుతూ ఉంటుంది. "అయ్యా, నేను అన్నది అది కాదు" అని అతడు లేచి చెప్పడానికి ఆరాధన క్రమంలో ఎక్కడా చోటు లేదు, ఉండకూడదు కూడా. వేదిక మీద ఒక్కరే మాట్లాడతారు, మిగతావారు వింటారు; వాక్యం ప్రకటించడానికి అదే తగిన ఏర్పాటు. ఆ ఏర్పాటే వివాదం తీర్చడానికి బొత్తిగా తగనిది. జవాబు చెప్పే వీలు లేని మనిషిని జవాబు చెప్పలేని చోట దిద్దబోతే, విన్నవారికి అది ఖండనగా కనిపిస్తుంది, పడ్డవాడికి శిక్షగా మిగులుతుంది. శిక్ష పడింది గాని విచారణ ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు.

రెండోది ఇంకా సున్నితమైనది. ఉపవాస కూటంలో ప్రార్థన అంశాలు చెప్పమన్నప్పుడు ఒక సహోదరి, "ఫలానా కుటుంబం గురించి నాకు చాలా భారంగా ఉంది, తప్పుడు బోధలోకి వెళ్లిపోతున్నారు, ప్రభువు వారి మనోనేత్రాలు తెరవాలి" అంటుంది. అందరూ కళ్లు మూసుకుంటారు. ప్రార్థన ముగిసేసరికి ఆ కుటుంబం తప్పుడు బోధలో ఉందన్నది అక్కడున్న అన్ని ఇళ్లకూ తేలిపోయిన సంగతి అవుతుంది. నిజానికి ఆ కుటుంబం చేసినదల్లా బైబిలు పాఠంలో ఒక ప్రశ్న అడగడం, దానికి ఎవరూ జవాబు చెప్పకపోవడం. ప్రార్థనను ఎవరు అడ్డుకోగలరు? ఆమెన్ అన్న తర్వాత "అది నిజమేనా?" అని అడిగితే భక్తిలేనితనంగా కనిపిస్తుంది. ఆ సహోదరి భారం నిజమైనదే కావచ్చు. నేను దాన్ని శంకించను. కాని దేవునికి చెప్పిన మాటలోనే మనుషులకు కబురు చేరిపోతున్నప్పుడు, ఆ కబురు నిజమో కాదో చూడవలసిన బాధ్యత కూటం నడిపేవారికి ఉంది. ఇక ప్రసంగంలోంచి అర నిమిషం ముక్క కోసి వాట్సాప్‌లో పంచుకోవడం గురించి వేరే చెప్పనక్కరలేదు. అదీ ఈ కోవలోనిదే, కాకపోతే మరీ వేగంగా పాకుతుంది.

ఈ పద్ధతులన్నిటిలో జరిగేది ఒకటే: మనిషితో మాట్లాడక ముందే మనిషి గురించి మాట్లాడటం. దీనికి విరుగుడు మనకు కొత్తగా కనిపెట్టవలసిన అవసరం లేదు. యెహోషువ గ్రంథం 22వ అధ్యాయం దాదాపు పూర్తిగా దీని గురించే ఉన్నా, దాన్ని ఈ సందర్భంలో ఎత్తిచూపేవారు తక్కువ.

రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యొర్దానుకు అవతల ఉన్న తమ స్వాస్థ్యానికి తిరిగి వెళ్తూ నది దగ్గర చూపుకు గొప్పదైన ఒక బలిపీఠం కట్టారు. ఆ వార్త వినగానే మిగిలిన ఇశ్రాయేలీయులు షిలోహులో కూడి యుద్ధానికి సిద్ధమయ్యారు. వారి అనుమానం అర్థం లేనిది కాదు. దేవుడు ఏర్పరచిన బలిపీఠం ఉండగా మరొకటి కట్టడం ధర్మశాస్త్రం ప్రకారం చిన్న తప్పు కాదు. అభిరుచికి సంబంధించిన సంగతి అసలే కాదు. అయినా కత్తి దూయకముందు వారు యాజకుడైన ఎలియాజరు కుమారుడు ఫీనెహాసును, అతనితో పదిమంది ప్రధానులను గిలాదుకు పంపారు. ఎవరీ ఫీనెహాసు? సంఖ్యాకాండము 25వ అధ్యాయంలో పాపం చేసినవారిని చంపడానికి ఈటె పట్టుకుని లేచినవాడు. రోషానికి పేరుపడ్డ మనిషే ఇక్కడ అడగడానికి వెళ్లాడు.

వెళ్లినవారు తమ ఆరోపణను మెత్తగా చుట్టి చెప్పలేదు. పెయోరులో జరిగిన విగ్రహారాధనను, శపితమైన సొమ్ము దొంగిలించిన ఆకాను విషయాన్ని గుర్తుచేశారు. కాని వాటితోపాటు మరో మాట కూడా అన్నారు: మీ దేశం అపవిత్రమని మీకు అనిపిస్తే యొర్దాను దాటి ఇవతలికి రండి, మా మధ్య స్వాస్థ్యం తీసుకోండి. అంటే తమ భూమిలో భాగం వదులుకోవడానికి సిద్ధపడి వెళ్లారు. గద్దించడానికి వెళ్లేవాడు తాను ఏమి వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నాడో కూడా చెప్పడం ఎంత అరుదో మీకు తెలుసు. అప్పుడు ఆ గోత్రాలవారు ఇచ్చిన జవాబు ఎవరూ ఊహించనిది. ఈ పీఠం బలుల కోసం కాదు. యొర్దాను మనకు సరిహద్దుగా ఉంది గనుక, రేపు మీ సంతానం మా సంతానంతో "యెహోవాలో మీకు పాలు లేదు" అంటారేమోనని భయపడి, సాక్షిగా ఉండటానికి కట్టాం అన్నారు. వేరైపోవాలని చేశారని అందరూ అనుకున్న పని, తమను ఎక్కడ వేరు చేస్తారోనన్న భయంతో చేసినది! ఫీనెహాసు ఆ మాట విని సంతోషించాడు, తిరిగి వెళ్లి ప్రజలకు చెప్పాడు, యుద్ధం మాట మళ్లీ ఎత్తలేదు. అడగడానికి ఎవరూ వెళ్లకపోయి ఉంటే ఆ జవాబు తెలిసేది శవాలు లెక్కపెట్టిన తర్వాత, లేదా ఎప్పటికీ కాదు.

మన సంఘాల్లోనూ వింతగా ప్రవర్తిస్తున్నాడని మనం అనుకునే విశ్వాసి వెనుక ఇలాంటి కారణమే ఉండవచ్చు. ఉండకపోనూ వచ్చు. అడిగితేనే గాని ఏది ఉందో తెలియదు.

కొత్త నిబంధనలో అకుల, ప్రిస్కిల్ల చేసినదీ ఇలాంటిదే. అపొల్లో విద్వాంసుడు, లేఖనాలలో ప్రవీణుడు, కాని యోహాను బాప్తిస్మం మాత్రమే తెలిసినవాడు. ఎఫెసు సమాజమందిరంలో అతడు ధైర్యంగా మాట్లాడుతుంటే ఆ దంపతులు విన్నారు. లేచి నిలబడి తప్పు పట్టలేదు; తమ దగ్గరకు చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరిచారు. ఆ తర్వాత అతడు అకయకు వెళ్లాలనుకున్నప్పుడు సహోదరులు అతన్ని చేర్చుకోమని అక్కడి శిష్యులకు ఉత్తరం రాసి ప్రోత్సహించారు. దిద్దుబాటు గదిలో జరిగింది, ప్రశంస ఊరు దాటింది. మనం సాధారణంగా దీన్ని తలకిందులుగా చేస్తాం.

ఇక్కడ మీలో కొందరు ఒక న్యాయమైన అభ్యంతరం చెబుతారని తెలుసు. అంతియొకయలో పౌలు కేఫాను, అంటే పేతురును, అందరి ఎదుట నిలదీయలేదా? గలతీయులకు వ్రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఆ సంగతి స్పష్టంగానే ఉంది. దాన్ని పక్కన పెట్టమని నేను అనను. కాని దాన్ని ఆధారం చేసుకునేవారు అక్కడి పరిస్థితిని మొత్తంగా చూడాలి. కేఫా చేసినది బహిరంగంగా చేసినదే. అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్నవాడు యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే వెనుదీశాడు, మిగిలిన యూదులు, చివరికి బర్నబా కూడా అతని వెంట పోయారు. అన్యజనులైన విశ్వాసులు రెండో తరగతివారని ఆ భోజనపు బల్ల దగ్గరే తేలిపోతున్నది. పైగా కేఫా అక్కడే ఉన్నాడు. వినగలడు, జవాబు చెప్పగలడు, హోదాలో పౌలుకు తక్కువవాడేమీ కాదు. ఈ మూడూ ఉన్నచోట బహిరంగంగా మాట్లాడినా తప్పు లేదు. తనకు తిరిగి జవాబు చెప్పలేని సామాన్య విశ్వాసిని, అతడు ఏకాంతంగా అడిగిన ప్రశ్నకు, వేదిక మీద నుంచి దెప్పడానికి ఈ అధ్యాయం ఆధారం కాదు. రెండో పేతురు పత్రిక చివర్లో పౌలును ప్రియమైన సహోదరుడని పేర్కొనడం కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినది.

ఏది ప్రధానం, ఏది కాదు అన్న ప్రశ్నను తప్పించుకోలేం. ప్రధానమైన వాటిలో ఐక్యత, మిగిలిన వాటిలో స్వేచ్ఛ, అన్నిటిలో ప్రేమ అన్న మాట మనం తరచూ వింటాం. ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీను చెప్పాడని కూడా అంటారు గాని అది అతని రాతల్లో లేదు, 17వ శతాబ్దం నాటిది. మాట మంచిదే. చిక్కు ఎక్కడంటే, గొడవపడే ప్రతివాడూ తన విషయాన్ని ప్రధానమైన వాటి జాబితాలోనే రాస్తాడు. కాబట్టి ఆ మాటను పదేపదే చెప్పడం వల్ల ఏదీ తేలదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం ఆరంభంలో పౌలు దేన్ని మొదట అప్పగించానన్నాడో అక్కడ మొదలుపెట్టమని నా మనవి: లేఖనాల ప్రకారం క్రీస్తు మన పాపాల నిమిత్తం మృతిపొందడం, సమాధి చేయబడటం, మూడో దినాన లేపబడటం. ఒక విషయంలో భేదం వస్తే ఆ భేదం వీటిని కదిలిస్తున్నదా అని అడగండి. కదిలిస్తున్నదని ఎవరు అంటారో, ఎలా కదిలిస్తున్నదో చూపవలసిన బరువు వారి మీదే ఉండాలి. ఎదుటివాడు తాను విశ్వాసినేనని నిరూపించుకోవలసిన స్థితికి నెట్టడం న్యాయం కాదు.

తాను ఒక పక్షాన ఉండి కూడా ఎదుటి పక్షాన్ని వెలివేయకుండా కాపాడిన పెద్ద ఒకరు సంఘ చరిత్రలో ఉన్నారు. రెండో శతాబ్దంలో పస్కా ఆచరించే దినం గురించి పెద్ద భేదం ఉండేది. ఆసియా ప్రాంతపు సంఘాలు యూదుల నీసాను నెల 14వ దినాన్ని, అది ఏ వారమైనా సరే, పాటించేవి. రోమా సంఘం ఆదివారాన్నే పాటించేది. సుమారు 155 ప్రాంతంలో స్ముర్న అధ్యక్షుడు పోలికార్పు రోమాకు వెళ్లి అక్కడి అధ్యక్షుడు అనికేతుతో ఈ సంగతి మాట్లాడాడు. ఒకరు మరొకరిని ఒప్పించలేకపోయారు. అయినా ఇద్దరూ కలిసి ప్రభువు బల్లలో పాలుపొందారు, అనికేతు గౌరవపూర్వకంగా తన సంఘంలో ఆ బల్లను నడిపించే అవకాశం పోలికార్పుకే ఇచ్చాడు, సమాధానంతో విడిపోయారు. తర్వాత ఒక తరం గడిచాక, సుమారు 190లో, రోమా అధ్యక్షుడు విక్టరు ఇదే కారణంగా ఆసియా సంఘాలను సహవాసం నుంచి తొలగించబోయాడు. అప్పుడు అతన్ని వారించినవారిలో లియోను అధ్యక్షుడు ఐరేనియసు ముఖ్యుడు. విశేషమేమిటంటే ఐరేనియసు స్వయంగా ఆదివారమే సరైనదని నమ్మినవాడు. దినం విషయంలో విక్టరుతో ఏకీభవిస్తూనే, ఆ దినం కోసం సహోదరులను వెలివేయడాన్ని వ్యతిరేకించాడు. పోలికార్పు, అనికేతుల సంగతి అతనికి గుర్తుచేశాడు. మీలో ప్రతి పెద్దల మండలికీ ఇలాంటి ఒక మనిషి కావాలి. మన పక్షంవాడే లేచి "మనం చెప్పేది సరైనదే, కాని దీనికోసం వారిని బల్ల దగ్గరకు రానివ్వకపోవడం తప్పు" అంటే ఆ మాటకున్న బరువు ఎదుటి పక్షం ఎంత వాదించినా రాదు.

మరి ఆ చోటు, ఆ క్రమం ఎలా ఉండాలి? మత్తయి సువార్త 18వ అధ్యాయం మొదటి మెట్టు చెబుతుంది: నీవు, అతడు మాత్రమే ఉన్నప్పుడు మాట్లాడు. ఇది మనందరికీ కంఠతా వచ్చు; ఆచరణలోనే సంఘానికి చెప్పడమనే మూడో మెట్టు నుంచి మొదలుపెడతాం. విషయం ఇద్దరితో తేలక పెద్దల దాకా వస్తే అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయాన్ని మాదిరిగా పెట్టుకోవచ్చు. సుమారు 49లో జరిగిన ఆ యెరూషలేము సమావేశంలో అన్యజనులైన విశ్వాసులకు సున్నతి అవసరమనే పక్షానికి మాట్లాడే అవకాశం దొరికింది. చాలా వాదం జరిగిందని లూకా దాచకుండా రాశాడు. వాదం అయిన తర్వాతే పేతురు లేచాడు. బర్నబా, పౌలు దేవుడు తమ ద్వారా చేసిన వాటిని వివరిస్తున్నప్పుడు సమూహమంతా ఊరకుండి విన్నది. అందరి కంటే ఆఖరున మాట్లాడింది యాకోబు. మన మండలుల్లో అందరికంటే పెద్దవారు మొదట మాట్లాడతారు, ఆ తర్వాత మిగిలినవారికి తల ఊపడమే పని. ఆ వరుస మార్చి చూడండి. అంతకంటే ఖర్చు లేని సంస్కరణ ఉండదు.

దీనికి నేను ఒక చిన్న నియమం కలపమని కోరుతున్నాను. ఎవరైనా తన వాదన మొదలుపెట్టే ముందు ఎదుటివారి వాదనను తన మాటల్లో చెప్పాలి. ఎదుటివారు "అవును, నేను చెప్పేది అదే" అన్న తర్వాతే ముందుకు సాగాలి. సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చేవాడు తన మూఢతను బయలుపరచుకుంటాడని సామెతలు 18వ అధ్యాయం చెబుతుంది. మొదట మాట్లాడినవాడు న్యాయంగా కనిపిస్తాడు, ఎదుటివాడు వచ్చి పరిశోధించేదాకా, అని కూడా అదే అధ్యాయంలో ఉంది. శిశు బాప్తిస్మాన్ని వ్యతిరేకించే సహోదరుడు "వీళ్లు నీళ్లతోనే రక్షణ వస్తుందంటారు" అని మొదలుపెట్టినప్పుడు, ఎదుటి సహోదరుడు "కాదు, నిబంధన సంతానానికి కూడా చెందుతుందని మేము నమ్ముతాం, అబ్రాహాము ఇంటివారికి సున్నతి ఎలాగో ఇదీ అలాగే" అని సరిదిద్దుతాడు. అటు నుంచి "వీళ్లు పిల్లల్ని దేవుని ప్రజల్లో లెక్కించరు" అన్న మాట వస్తే, "మేము పిల్లల్ని ప్రతిష్ఠిస్తాం, ప్రార్థిస్తాం, విశ్వాసాన్ని తమ నోట ఒప్పుకున్న తర్వాతే గురుతు ఇవ్వాలంటాం" అన్న జవాబు వస్తుంది. అప్పటికీ ఇద్దరూ ఒప్పుకోరు. కాని వారు ఏ విషయంలో ఒప్పుకోవడం లేదో మొదటిసారి వారికే తెలుస్తుంది. తమకు లేని అభిప్రాయాన్ని తమకు అంటగట్టడమే చాలా గొడవల్లో సగం కంటే ఎక్కువ మంటకు కారణమని నా గట్టి నమ్మకం.

సమావేశం తేల్చినదాన్ని కాగితం మీద పెట్టండి. తేలనిదాన్ని కూడా పెట్టండి. 1529 అక్టోబరులో జర్మనీలోని మార్బుర్గులో సంఘ సంస్కరణ నాయకులు లూథరు, జ్వింగ్లీ కలిసినప్పుడు 15 అంశాలు రాసి, వాటిలో 14 విషయాల్లో ఏకీభవించి, 15వ అంశంలో ప్రభువు శరీర రక్తాలు రొట్టెలో ద్రాక్షారసంలో శారీరకంగా ఉన్నాయా లేదా అన్న దగ్గర తాము ఏకీభవించలేదని కూడా రాసి సంతకాలు పెట్టారు. ఆ సమావేశం వారిని కలపలేకపోయింది. దాన్ని విజయమని నేను చెప్పను. కాని భేదం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాతలో ఉండటం వల్ల, అది మొత్తం విశ్వాసంలోనే భేదమని తర్వాతివారు చెప్పుకోవడానికి వీలు తగ్గింది.

ఒక సంగతిని మాత్రం వేరుగా, గట్టిగా చెప్పాలి. పైన చెప్పినదంతా అభిప్రాయభేదం గురించి. సంఘ ధనానికి లెక్కలు చూపకపోవడం, అధికారంలో ఉన్నవారు స్త్రీలతోనో పిల్లలతోనో తప్పుగా ప్రవర్తించడం, బెదిరించడం అభిప్రాయభేదాలు కావు. అవి పాపాలు, వాటిలో కొన్ని నేరాలు కూడా. గాయపడిన మనిషిని "ముందు నువ్వొక్కదానివే వెళ్లి అతనితో మాట్లాడు, మత్తయి 18 చదవలేదా" అని వెనక్కి పంపడం ఆ అధ్యాయాన్ని దుర్వినియోగం చేయడం. ఆ వాక్యభాగానికి ముందే చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచేవాడి గురించి ప్రభువు పలికిన భయంకరమైన మాట ఉంది. పెద్దల మీద దోషారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలన్న తిమోతి పత్రికే, పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమని కూడా చెబుతుంది. నేరమైతే చట్టం చూసుకునేవారికి వెంటనే తెలియజేయాలి. సహోదర ప్రేమ పేరుతో దాచిన నేరాలు సంఘాలకు తెచ్చిన చేటు ఏ సిద్ధాంత వివాదమూ తేలేదు.

రాతలో జరిగే వాదాల గురించి కూడా ఒక మాట. అంతియొకయలో పౌలు, పేతురుల మధ్య జరిగినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దాని మీదే అగస్టీనుకు, బైబిలు పండితుడు జెరోముకు మధ్య వివాదం వచ్చింది. సుమారు 395 ప్రాంతంలో అగస్టీను ఆఫ్రికా నుంచి బేత్లెహేములో ఉన్న జెరోముకు రాసిన ఉత్తరం చేరనే లేదు. కొన్నేళ్లకు రాసిన రెండో ఉత్తరం అతని చేతికి అందకముందే ఇటలీలో పదిమంది చదివేశారు. తన మీద విమర్శ తనకంటే ముందు ఊరంతా చదివిందని తెలిసి జెరోము మండిపడ్డాడు. అగస్టీను తనకు వ్యతిరేకంగా పుస్తకం రాసి రోమాకు పంపాడన్న పుకారు దానికి తోడైంది. వారి మధ్య సమాధానం కుదరడానికి ఏళ్లు పట్టింది, ఎన్నో ఉత్తరాలు నడిచాయి. ఆ కోపంలో వాక్యార్థం మీద ఉన్న భేదం కొంతే. ఉత్తరం తిరిగిన దారి వల్ల పుట్టినదే ఎక్కువ. నేటి సంఘాల్లో ఇలాంటి ఉత్తరం చేతులు మారడానికి ఓడ ప్రయాణం అవసరం లేదు గనుక, విమర్శ రాసినవారిని "ఇది మొదట ఎవరికి చూపించావు?" అని అడగడం పెద్దలకు అలవాటు కావాలి.

ఇంత చేసినా కొన్నిసార్లు వేరుపడక తప్పదు. పౌలు, బర్నబా మార్కును మళ్లీ వెంట తీసుకెళ్లాలా వద్దా అన్న విషయంలో తీవ్రంగా వాదించుకుని వేరైపోయారు. బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్రకు, పౌలు సీలను వెంటబెట్టుకుని సిరియ, కిలికియలకు వెళ్లారు. ఎవరిది సరైనదో లూకా తీర్పు చెప్పలేదు. నాకు మాత్రం బర్నబా పక్షమే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే తర్వాత మార్కు పరిచర్యకు తనకు ప్రయోజనకరమైనవాడని రాసింది పౌలే. కొరింథీయులకు రాసేటప్పుడు బర్నబాను తనతో సమానంగా కష్టపడి పనిచేసేవాడిగా పౌలు ప్రస్తావించాడు. వారిలో ఎవరైనా సంఘం నుంచి సంఘానికి తిరిగి రెండోవారి మీద చెప్పుకున్నట్టు ఎక్కడా లేదు. పదునెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు ప్రసంగీకులు జాన్ వెస్లీ, జార్జ్ విట్‌ఫీల్డ్ దేవుని ఏర్పాటు (రక్షణ పొందేవారిని దేవుడు ముందే ఎన్నుకున్నాడా అన్న) విషయంలో అచ్చులోనే వాదించుకుని వేరైపోయారు. ఆ భేదం వారు బ్రతికుండగా తీరలేదు. అయినా 1770లో విట్‌ఫీల్డ్ చనిపోయినప్పుడు, అతని కోరిక ప్రకారం లండన్‌లో స్మారక ప్రసంగం చేసింది వెస్లీ.

కాబట్టి మనస్సాక్షి కారణంగా ఎవరైనా మీ సంఘం విడిచి వెళ్తామంటే, వారి సభ్యత్వ బదిలీ పత్రాన్ని నెలల తరబడి ఆపకండి. అందులో అక్షరం తక్కువ కాకుండా వారి మంచి సాక్ష్యాన్ని రాసి ఇవ్వండి. కొత్త సంఘపు కాపరికి ఫోను చేసి వారి గురించి మరోలా చెప్పకండి. వెళ్లేవారి పేరు ఆదివారం ప్రకటించవలసి వస్తే కారణం చెప్పకుండా, వారి పరిచర్యకు కృతజ్ఞత చెప్పి ప్రార్థించండి. ఇప్పటికే వెళ్లిపోయినవారు మీ సభ్యత్వ పుస్తకంలో ఉండే ఉంటారు. వారిలో ఎవరి మాటనైనా పూర్తిగా వినకుండానే పంపివేశారని మీకు తోస్తే, మండలిలో ఇద్దరు వెళ్లి వారిని కలవండి. ముందుగా కబురు చేసి, వారికి వీలైన వేళ అడిగి, తిరిగి రమ్మన్న ఒత్తిడి పెట్టకుండా వెళ్లండి. వారు చెప్పినది రాసుకుని, రాసినది వారికే చదివి వినిపించి, తర్వాతి పెద్దల సమావేశంలో మొదటి అంశంగా పెట్టండి.

ప్రభువునందు మీ సహవాసంలో,
ఒక సంఘ సభ్యుడు